అరవై ఆరున్నొక్కటి

మా మామకు ఏడు అనే అంకె లేదు. లోకంలో అందరికీ ఉంది, ఆయనకు లేదు. ఆరు తర్వాత ఆరున్నొక్కటి, ఆ తర్వాత ఎనిమిది. పదిహేడును పదారున్నొక్కటి అంటాడు. ఏడో తారీకును ఆరో తారీకు మర్నాడు అంటాడు. ఖర్మ కొద్దీ ఆయన ఫోన్ నంబరులో ఆ అంకె రెండుచోట్ల ఉంది. లక్సెట్టిపేట బస్టాండు పక్కన రీచార్జి దుకాణం నడిపేటాయన, మామ నంబరు చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు ఊకో పెద్దమనిషీ, నీ కోడలుకు ఫోన్ జేసి అడుగుత" అంటాడు. ఆ కోడలిని నేనే. పేరు నవత. అదే బజారులో బట్టలు కుడతాను. నా మొగుడు నాగరాజు మస్కట్‌లో ఉన్నాడు కాబట్టి, మామతో పడాల్సిన బాధంతా నా ఒక్కదాని వాటాకే వచ్చింది.

ఆయన పేరు సిద్దిరాములు. వయసులో ఉన్నప్పుడు కల్లాల్లో కుంచంతో వడ్లు కొలిచేవాడు. కల్లంలో కొలిచేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, అది ఏడుపు మాట. రైతు ఇంటికి గింజ పోయేచోట ఏడుపు మాట నోటికి రాకూడదని ఆరున్నొక్కటి అంటారు. అంతవరకు బాగానే ఉంది. మిగతా వాళ్ళంతా కల్లం దిగి కాళ్ళు కడుక్కోగానే మామూలు లెక్కకు వచ్చేవాళ్ళు. మా మామ మాత్రం ఆ పట్టింపును మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఊళ్ళోకి కాంటాలు వచ్చి కుంచాలు అటకెక్కాయి. ఆ లెక్క మాత్రం మా ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

కొలిచే పని పోయాక ఆయన జన్నారం అడవికి, టేకు చెట్లు కొట్టే కూపుల్లోకి కూలికి పోయాడు. అక్కడే కాంట్రాక్టరు చేతికిచ్చిన పెట్రోలు రంపం పట్టుకోవడం నేర్చాడు. కూపులు మూతబడి కాంట్రాక్టరు వెళ్ళిపోతూ, మోసుకుపోవడం దండగనుకున్నాడేమో, ఆ రంపం మిషన్‌ను ఈయనకే వదిలిపెట్టాడు. అప్పటి నుంచి అది మా ఇంట్లో మనిషి. దాని మీద కంపెనీ పేరు ఎప్పుడో చెరిగిపోయింది. రంగు ఏదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. బరువు మాత్రం తగ్గలేదు. నా పెళ్ళిచీరల్లో ఒకదాన్ని చించి దానికి చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు. అడిగితే, "పాతదే కద బిడ్డా" అన్నాడు. పాతదని నిర్ణయించింది ఆయనే.

ఆ మిషన్ రెండేళ్ళుగా పని చేయడం లేదు. ఇంజను బాగానే ఉంది, తాడు లాగితే రెండో గుంజుకే అందుకుంటుంది. అరిగిపోయింది ముందుండే పొడుగు ఇనుప బద్ద, దాని చుట్టూ తిరిగే చైన్. బద్దను బార్ అనాలట, మా దగ్గర అందరూ బ్లేడే అంటారు. బ్లేడు గాడి అరిగి వెడల్పయి చైన్ అటూ ఇటూ ఊగుతోంది, చైన్ పళ్ళు పదును పెట్టీ పెట్టీ బియ్యపు గింజలంత మిగిలాయి. కొత్తవి కొనుక్కోమంటే, "దీనికి దొరకయి" అని, దొరకనందుకు గర్వపడుతున్నట్టు చెప్పేవాడు. నాకూ దాని అవసరం పడలేదు కాబట్టి ఊరుకున్నాను. కిష్టవ్వ ఇంటి మీదికి చింతచెట్టు ఒరిగేదాకా.

కిష్టవ్వ మా ఇంటి వెనక సందులో ఉంటుంది. మొగుడు పోయాక బీడీలు చుట్టి చుట్టి రెండు గదుల రేకుల ఇల్లు కట్టుకుంది. ఆ ఇల్లు తప్ప ఆమెకు ఈ లోకంలో ఇంకేమీ లేదు, ఆ సంగతి ఆమె రోజుకు పదిసార్లు చెబుతుంది. ఇంటి వెనక పెద్ద చింత. ఈసారి ఎండకాలం చివర వచ్చిన గాలిదుమారానికి ఆ చింత మొదలు దగ్గర పగిలి, మొత్తం చెట్టు ఇంటివైపు వాలింది. పడలేదు, వాలి ఆగింది. కొమ్మలు రేకుల మీద పరుచుకున్నాయి. మళ్ళీ ఒక గట్టి గాలి కొడితే ఇల్లు పప్పుపప్పే.

సందు ఇరుకు, క్రేన్ రాదు. ఆఫీసుల్లో అడగాల్సిన వాళ్ళనందరినీ అడిగితే, మొదటాయన రెండో ఆయన పేరు చెప్పాడు, రెండో ఆయన మొదటాయన పేరు చెప్పాడు. అప్పుడు నరేశ్ వచ్చాడు. మా వాడకట్టు వాడే, కొత్తగా ఒక రంపం మిషన్ కొన్నాడు, ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. మామ చెట్టు చుట్టూ తిరిగి చూసి, "ఒరిగిన దిక్కుకెళ్ళి కొయ్యకు నరేశ్, బ్లేడు పడ్తది" అని చెప్పాడు. నరేశ్, "నువ్వు ఫికర్ జెయ్యకు కాకా, కొత్త మిషన్" అని సరిగ్గా ఒరిగిన దిక్కు నుంచే కోశాడు. సగం కోసేసరికి చెట్టు తన బరువుతో ఆ కోతను మూసేసింది, బ్లేడు లోపల ఇరుక్కుంది. నరేశ్ గుంజాడు, మిషన్ అరిచింది, పొగ వచ్చింది, ఆగిపోయింది. ఇంజను విప్పుకుని ఇంటికి పోయాడు. బ్లేడు చెట్టులోనే ఉండిపోయింది. అంతకుముందు పగిలిన చెట్టు, ఇప్పుడు పగిలి, సగం తెగిన చెట్టు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ సందులో నిలబడి చూశాను.

ఈ సంగతి తెలిసి వేరే మిషన్ల వాళ్ళెవరూ ముందుకు రాలేదు. చింత ఇనుములాంటి కట్టె, చిన్న ఇంజన్లకు లొంగదు, పైగా సగం తెగి వేలాడుతున్న చెట్టు. ఎక్కి కొమ్మలు కొట్టడానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు. అందరూ చెట్టు కింద నుంచి తలలు తిప్పి మా మామ వైపు చూశారు. మామ ఇంటికి వచ్చి మంచం కింది నుంచి నా పెళ్ళిచీర మూట బయటికి లాగాడు.

కిష్టవ్వను ఆ ఇంట్లో ఉండనివ్వకూడదు కదా, మా ఇంటికి తీసుకొచ్చాం. వస్తూ బీడీ ఆకుల చాట, తంబాకు డబ్బా, ఒక కోడిపెట్ట వెంట తెచ్చుకుంది. నా కుట్టు మిషన్ పక్కనే చాట పెట్టుకుని కూర్చుంది. నేను కుట్టిన జాకెట్లన్నీ తంబాకు వాసన. గంటకోసారి లేచి సందులోకి పోయి చెట్టును చూసొచ్చేది.

"ఇంకెంత ఒరిగిందో ఏమో బిడ్డా, నా ఇంటి పానం పోయేటట్టున్నది."

"ఒరగలే అవ్వా, ఇప్పుడే చూసొస్తివి కద."

"మా ఇంట్ల అయితె గాలి మంచిగొస్తుండె. మీ ఇంట్ల ఉబ్బర."

నేను సూదిలో దారం ఎక్కించుకున్నాను.

మొదట మా ఊరి మోటారు సామాన్ల దుకాణంలో అడిగాను. మిషన్ ఫోటో చూసి ఆయన, "గిది నేను పుట్టకముందుదే ఉన్నట్టుంది అక్కా" అని ఫోన్ తిరిగి ఇచ్చాడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు, నిజమే కాబట్టి. పెద్దపల్లిలో పెద్ద దుకాణం ఉందని ఎవరో అంటే అక్కడికి ఫోన్ చేశాను. "ఎన్ని ఇంచుల బ్లేడు?" అన్నాడు. నేను బట్టలు కుట్టేదాన్ని, కొలవడం నాకు కొత్త కాదు. టేపు తీసి బ్లేడు ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచి చెప్పాను. చెప్పిన కొలత బ్లేడు తెప్పించి చూస్తే జానెడు పొడుగు ఎక్కువుంది, బిగించే బోల్టుల సందూ కలవలేదు, ఆయిలు వచ్చే రంధ్రమూ కలవలేదు. మిషన్ లోపల దాక్కున్న భాగం కొలతలోకి రాదట, బయట కనిపించేదే లెక్కట. ఆ ముక్క ముందు చెబితే వాడి సొమ్మేం పోయింది. లంగాకు బట్ట కొలిచేటప్పుడు లోపలి మడత వదిలేసి కొలిచే దర్జీని నేను ఇంతవరకు చూడలేదు.

ఆ బ్లేడును వాపసు తీసుకుంటూ పెద్దపల్లి ఆయనే కరీంనగర్‌లో శ్యాంసుందర్ అనే ఆయన నంబరు ఇచ్చాడు. పాత మిషన్ల సామాన్లు ఉంటే గింటే ఆయన దగ్గరే ఉంటాయన్నాడు. శ్యాంసుందర్‌కు ఫోన్ చేసి, "అన్నా, పాత రంపం మిషన్‌కు బ్లేడు, చైన్ కావాలె" అన్నాను. ఆయన దీర్ఘంగా ఊపిరి తీసుకుని మొదలుపెట్టాడు.

"చెల్లె, పొడుగు ఒక్కటి చెప్తె గాదు. చైన్ల పిన్నుకు పిన్నుకు దూరం ఎంతుందో గావాలె, అది లోపలి చక్రానికి కలవాలె. చైన్ కింది లింకు మందం ఎంతుందో గావాలె, అది బ్లేడు గాడికి కలవాలె. మొత్తం లింకులెన్నో గావాలె. బ్లేడు తోక మీ మిషన్‌కు కలవాలె. వీటిల ఒక్కటి తప్పినా తిరగదు."

పెళ్ళి సంబంధానికి కూడా మా వాళ్ళు ఇన్ని పొంతనలు చూడలేదు. చూసి ఉంటే నాకు ఈ మామ దొరికేవాడు కాదు.

ఆయన చెప్పినట్టే బ్లేడు తోక పక్కన టేపు పెట్టి ఫోటో తీశాను. చైన్ కింది లింకు మీద నూనె జిడ్డు గోకితే సన్నగా అంకెలు కనబడ్డాయి, వాటినీ తీశాను. చైన్‌ను నేల మీద కుప్ప పోసి ఇంకో ఫోటో తీశాను. అన్నీ చూసి శ్యాంసుందర్ గొంతు మారింది. ఇలాంటి చైన్ ఇప్పుడెవరూ అడగరట, చుట్టగా ఉన్న దాంట్లోంచి కోసి ఇస్తాడట, బ్లేడు కూడా ఒక్కటే ఒక్కటి అటక మీద ఉందట. నా ప్రాణం లేచి వచ్చింది.

"లింకులు లెక్కవెట్టి చెప్పుండ్రి. ఫోటోల కుప్ప కనవడ్తుంది గని లెక్క కనవడ్తలేదు" అన్నాడు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నడుమ ఒకామె జాకెట్ కోసం వచ్చింది, లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాను. కిష్టవ్వ, "చెట్టు ఇంకింత వంగినట్టు గొడ్తుంది" అంది, లెక్క తప్పింది. మామ నా చేతిలోంచి చైన్ లాక్కుని, కోసే పళ్ళన్నీ లెక్కపెట్టి చెప్పాడు. శ్యాంసుందర్ ఫోన్‌లోనే నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. "పైన కోసే పళ్ళు గాదు పెద్దమనిషీ. కింద గాడిల వడి నడిచేటియి."

మామ గోడ దగ్గర కూర్చుని, చైన్‌ను మోకాళ్ళ మీద పరుచుకుని, ఒక్కొక్క లింకునూ బొటనవేలితో నెడుతూ, "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టాడు. నాకు ఆ గొంతు అప్పుడే మొదటిసారి విన్నట్టు అనిపించింది. ఇంట్లో మాట్లాడే గొంతు వేరు, అది వేరు, కొంచెం పాటలా సాగుతుంది. నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను. లెక్క ముగిసేసరికి నాకు ఒక చేతిలో గుడ్డ, ఒక చేతిలో కత్తెర ఉండటంతో, "అయితే నువ్వే చెప్పు మామా" అని ఫోన్ ఆయన వైపు జరిపాను.

"అరువై ఆరున్నొక్కటి" అన్నాడు మామ.

"సరె. అరువై ఆరు, ఒక్కటి. పొద్దుగాల బస్సుల ఏస్త" అన్నాడు శ్యాంసుందర్.

నేను విన్నాను. ఆ ఇద్దరి మాటలూ నా చెవులతో విన్నాను. ఇంట్లో రోజూ వినే మాట కాబట్టి నాకు అది అరవై ఏడుగానే వినబడింది, కుట్టు సాగించాను.

పార్సిల్ బస్టాండుకు వచ్చింది. బ్లేడు తీసి మిషన్‌కు పెడితే తాళంచెవి తాళంలోకి పోయినట్టు పోయింది. మామ మొహం చూడాలి. నరేశ్ కూడా వచ్చాడు, ఆ రోజు నుంచి తల దించుకుని మా ఇంటి చుట్టే తిరుగుతున్నాడు. చైన్ చక్రం మీద వేశారు, గాడిలో కూర్చోబెట్టారు, బ్లేడు కొస దాకా తెచ్చారు. అక్కడ ఆగింది. బొటనవేలి వెడల్పు తక్కువైంది. బ్లేడును వెనక్కి నెట్టారు, ఇంకా తక్కువే. నరేశ్ పళ్ళు బిగించి గుంజాడు, చెయ్యి తెగింది, చైన్ మాత్రం ఎక్కలేదు. బయట మబ్బు కమ్ముతోంది. కిష్టవ్వ లేచి మళ్ళీ సందులోకి పోయింది.

నేను ఫోన్ తీశాను. నా నోటికి ఏ మాట వస్తే ఆ మాట అన్నాను. శ్యాంసుందర్ అంతా విని, "నేను పంపింది సరిగ్గనే ఉన్నది చెల్లె. పెద్దమనిషి అరువై ఆరన్నడు, అరువై ఆరే కోసిన" అన్నాడు.

"అరువై ఆరని ఎవలన్నరు?"

"గాయిననే. అరువై ఆరు, ఒక్కటి అన్నడు. అరువై ఆరు లింకులది ఒక్క చైన్. ఒక్కటి పంపిన."

 తల తిప్పి మామను చూశాను. ఆయన గోడకు ఆనుకుని, తప్పంతా కరీంనగర్‌ది అన్నట్టు ధీమాగా కూర్చున్నాడు.

"నేనన్నది గదే కద" అన్నాడు. "అరువై ఆరున్నొక్కటి."

శ్యాంసుందర్‌కు వివరించాను. ఆయన నవ్వలేదు, ఏడ్వలేదు. "వడ్లు గొలిచే లెక్కల చైన్ కొంటరని నాకేం ఎరుక చెల్లె. నేను దుకాణంల పుట్టినోన్ని" అన్నాడు. "ఇగ తప్పొద్దు. లెక్కవెట్టింది గాయిన, గాయిన నోటితోనే సక్కగ చెప్పియ్యుండ్రి."

ఫోన్ మామ మొహం ముందు పెట్టాను. "మామా, గా అంకెకు లోకమంత ఏమంటరో గది అను. ఒక్కసారి."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కిష్టవ్వ ఇల్లు పోతది మామా. గాలొస్తుంది. ఒక్క మాట."

"అందుకే అన" అన్నాడు. "పరాయోళ్ళ కల్లంల అన్లే. గా ముండమోసినామె బీడీలు చుట్టి కట్టుకున్న ఇంటి మీద కత్తి వెట్టేటప్పుడు అంటనా. నా నోట్లకెళ్ళి రాదు."

నేను కిష్టవ్వ వైపు తిరిగాను. ఇల్లు ఆమెది, ఆమైనా చెబుతుందనుకున్నాను. ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని, "అనకు అన్నా. నువ్వు అనకు. నా ఇల్లు మంచిగుండాలె" అంది. ఇద్దరూ ఒక్కటయ్యారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడిని ఒకణ్ణి భరించవచ్చు. ఆ కుందేలును సాక్ష్యానికి తెచ్చేవాళ్ళు పక్కన కూర్చుంటే ఇంక నేనేం చేయను. ఆ రోజు వాళ్ళిద్దరికీ నేను అన్నం పెట్టలేదు, వాళ్ళే పెట్టుకున్నారు.

చివరికి శ్యాంసుందరే దారి చెప్పాడు. పాత చైన్, కొత్త చైన్ రెండూ తీసుకుని రమ్మన్నాడు, ఒక లింకు చేర్చి ఇస్తానన్నాడు. రెండు చైన్లనూ నూనె గుడ్డలో చుట్టి, నా కొలత జాకెట్ల సంచిలో వేసుకుని పొద్దున్నే బస్సెక్కాను. ఆ రోజు మంగళవారమని ఎక్కేదాకా గుర్తు రాలేదు. కొండగట్టు దగ్గర అంజన్న దర్శనానికి వచ్చినవాళ్ళంతా ఆ బస్సులోకే వచ్చారు. ఒకావిడ నా సంచి మీద కూర్చుని, చైన్ పళ్ళు గుచ్చుకుంటే, "ఏం దెచ్చినవ్ తల్లీ, ముళ్ళకంపనా" అంది. చింతచెట్టు కథంతా చెప్పే ఓపిక లేక అవునన్నాను. దారి పొడుగునా కిటికీలోంచి మబ్బులనే చూస్తూ పోయాను. ప్రతి చెట్టూ ఊగుతున్నట్టే కనిపించింది.

శ్యాంసుందర్ నేననుకున్నంత పెద్దవాడు కాదు, బట్టతల, కళ్ళద్దాలు. కొత్త చైన్‌ను చిన్న దిమ్మె మీద పెట్టి, ఒక పిన్ను తల అరగదీసి ఊడగొట్టాడు. చేర్చాల్సిన లింకు, దానికి అటూ ఇటూ పట్టీలు డబ్బాలోంచి ఏరి పక్కన పెట్టుకున్నాడు. పిన్ను కొట్టేముందు సుత్తి ఆపి, కళ్ళద్దాల పైనుంచి నా వైపు చూశాడు.

"మల్ల తప్పు జరగొద్దు. మొత్తం ఎన్ని గావాలె, నువ్వు చెప్పు చెల్లె."

చెప్పడానికే నోరు తెరిచాను. చిన్నప్పటి నుంచి అన్న మాటే, ఎక్కాల్లో చదివిన మాటే. నోరు తెరిచాక కిష్టవ్వ ఇంటి రేకులు కళ్ళ ముందుకు వచ్చాయి.  అంటే ఏమీ కాదని నాకు తెలుసు. అయినా ఆ మాట నోటికి రాలేదు. ఇంతమందిని తిట్టి, ఇంత దూరం వచ్చి, కౌంటరు ముందు మూగదానిలా నిలబడ్డాను. నా మీద నాకే మండిపోయింది. చివరికి ఫోన్‌లో 67 అని అంకెలు నొక్కి ఆయనకు చూపించాను. శ్యాంసుందర్ ఫోన్‌ను చూశాడు, నన్ను చూశాడు, పిన్ను కొట్టాడు.

నేను తిరిగి వచ్చేసరికి గాలి లేదు, చెట్టు అలాగే ఉంది. చైన్ ఎక్కించారు. మామ చేతితో ఒక చుట్టు తిప్పాడు, ఎక్కడా పట్టకుండా తిరిగింది. ఇంకో చుట్టు తిప్పాడు. అందరి మొహాల్లోకి నెత్తురు వచ్చింది. పొద్దున్నే కోద్దామన్నారు. నేను ఆ రోజు చేపల పులుసు చేసి అందరికీ నేనే వడ్డించాను.

తెల్లవారగానే నరేశ్ ట్రాక్టరు తెచ్చి, పక్క ఖాళీ జాగాలో నిలిపి, ఇనుప తాడు చెట్టు నడుముకు వేశాడు. చెట్టును ఇంటి మీదికి పోనీకుండా, ఈసారి బ్లేడు ఇరుక్కోకుండా పక్కకు గుంజాలి. వాడకట్టంతా దూరంగా నిలబడింది. మామ మిషన్ ఎత్తుకుని సందులోకి నడిచాడు. చెట్టుకూ కిష్టవ్వ గోడకూ నడుమ మనిషి పట్టేంత చోటుంది. నరేశ్ బ్లేడు ఇరుక్కున్న చోటికి కిందుగా కోయాలి, దానికి నిలబడే చోటు అదొక్కటే. మామ అందులోకి పోయి నిలబడ్డాడు.

అప్పటిదాకా నాకు ఈ సంగతి తట్టనే లేదు. పెద్దపల్లి అన్నాను, కరీంనగర్ అన్నాను, పిన్నులన్నాను, లింకులన్నాను, అందరితో గొడవపడ్డాను. చైన్ దొరికితే కిష్టవ్వ ఇల్లు నిలుస్తుందనే అనుకున్నాను. దొరికితే ఆ సగం తెగిన చెట్టు కింద నిలబడేది ఎవరో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆయనకు మాత్రం మొదటి రోజు నుంచే తెలుసు. తెలిసే మంచం కింది నుంచి ఆ మూట లాగాడు.

"మామా, వద్దు. ఇటు రా" అన్నాను. మిషన్ అందుకుంది. నా మాట నాకే వినబడలేదు.

కోత మొదలైంది. కొత్త చైన్ చింతకట్టెలోకి దిగుతుంటే తడి లేని ఎర్ర పొట్టు ఆయన కాళ్ళ మీద కుప్పగా పడింది. కొంచెం కోసి ఆగేవాడు, చెట్టు పైకి చూసేవాడు, చెవి పెట్టి వినేవాడు, మళ్ళీ కోసేవాడు. ట్రాక్టరు తాడు బిగిసింది. కిష్టవ్వ నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా, గోళ్ళు దిగేలా. నేను ఆమె చేతిని అంతకన్నా గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఇంటివైపు చూస్తోంది, నేను మామ వైపు చూస్తున్నాను. చెట్టు లోపల ఏదో విరిగిన చప్పుడైంది. మామ మిషన్‌ను వదిలేసి గోడకు అంటుకుపోయాడు. మొద్దు మెలి తిరిగింది, రేకుల మీది కొమ్మలు గీసుకుంటూ జరిగాయి, చెట్టు మొత్తం పక్క జాగాలోకి పోయి పడింది. నేల అదిరింది. దుమ్ము లేచి ఆయన కనిపించలేదు.

దుమ్ము తగ్గాక కనిపించాడు. గోడకు వీపు ఆనించి అలాగే నిలబడి ఉన్నాడు. కిష్టవ్వ ఇంటి చూరు దగ్గర ఒక రేకు అంచు పగిలింది, అంతే. జనం ఒక్కసారిగా సందులోకి వచ్చారు. నరేశ్ ఆయన కాళ్ళకు దండం పెట్టాడు.  నాకు భయం పోయి దాని వెనకే కోపం వచ్చింది, నిజమైన కోపం. ఇంక ఈ మిషన్ ముట్టుకుంటే గోదాట్లో పారేస్తానని, మస్కట్‌కు ఫోన్ చేసి చెబుతానని, ఈ వయసులో ఇదేం తెగింపని, అడగాల్సినవన్నీ వరసగా పేర్చుకున్నాను.

కిష్టవ్వ తాళం తీసి లోపలికి పోయింది. గోడలు తడిమి చూసుకుంది, పైకి చూసింది, స్టవ్ వెలిగించింది. మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. మామ గోడకు ఒరిగి కింద కూర్చున్నాడు. తిట్టడానికే నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. కిష్టవ్వ గ్లాసు ఇస్తే అందుకున్నాడు. చాయ్ సగం ఆయన ధోవతి మీద ఒలికింది.

"మిషన్ వట్టిన చేతులు బిడ్డా" అన్నాడు, నా వైపు చూడకుండా. "జర సేపు గట్లనే ఊగుతయి."

ఆ మిషన్ పనిచేసే రోజుల్లో ఆయన పొద్దంతా చెట్లు కోసి ఇంటికి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. వచ్చీ రాగానే నిండు చెంబు ఎత్తి, బొట్టు కింద పడకుండా నీళ్ళు తాగేవాడు. ఈ వణుకు మిషన్‌ది కాదు. ఆ చెట్టు కింద నిలబడ్డంతసేపూ ఆయన భయపడ్డాడు. భయపడుతూనే కోశాడు. నేను పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుని, నా చేత్తో పట్టుకుని నోటికి అందించాను. వద్దంటాడనుకున్నాను, అనలేదు. కిష్టవ్వ మా వైపు చూడకుండా అటు తిరిగి స్టవ్ తుడుస్తూ ఉండిపోయింది. మామ గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు.